ఇస్నోఫిలియా కౌంటు తగ్గితే ఎలర్జీ తగ్గినట్టేనా?

పిండిమర పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. ఇంటి ముందు గదిలోనే పిండిమర. మర ఆడించేది మావారు, తూకం, డబ్బులు చూసేది నేను. గోధుమలు, బియ్యం, చోళ్లు, ఏదొచ్చినా ఆడతాం.

కొన్నాళ్లుగా పొద్దున లేవగానే ఆపకుండా తుమ్ములు. తెల్లవారుజామున దగ్గు, గుండెల్లో పిల్లికూతలు. ఊళ్లో చూపిస్తే ఇస్నోఫిలియా అన్నారు. రక్తపరీక్షలో ఏఈసీ (ఇయోసినోఫిల్ అనే తెల్లకణాల లెక్కట) 1,380, ఐజీఈ 860. చిన్న తెల్ల మాత్రలు రాశారు, ప్రెడ్నిసొలోన్ అని ఉంది అట్ట మీద. రెండు మూడు రోజులకే ప్రాణం లేచొచ్చింది. కౌంటు మళ్లీ చూపిస్తే 210! స్వీట్లు కూడా పంచాను. మాత్రలు అయిపోయాయి, మళ్లీ మొదలు. ఇప్పుడు మందుల షాపులో అట్ట చూపించి అవే తెచ్చుకుంటున్నాను. చీటీ అడిగేవాళ్లు లేరు.

నా డౌటు ఇది. ఈ కణాలు పెరగబట్టి ఎలర్జీ వస్తోందా, ఎలర్జీ ఉండబట్టి ఇవి పెరుగుతున్నాయా? భువనేశ్వర్‌లో చదువుకుంటున్న మా మేనల్లుడు “అంతా ఇంటర్‌ల్యూకిన్ల పని అత్తా, వాటిని ఆపే ఇంజెక్షన్లు వచ్చాయి” అన్నాడు. రేటు విన్నాక ఇంక ఏమీ అడగలేదు. ఆ ఇంటర్‌ల్యూకిన్లు ఏమిటో తెలిసినవాళ్లు తెలుగులో చెబుతారా?

గుణుపురం కుర్రాడు

అక్కా, మా ఇంట్లో అందరికీ ఉంది ఇది. పెరుగు, అరటిపండు మానేయండి. మిరియాల కషాయం తాగండి. కౌంటు అదే దిగుతుంది.

స్లైడు మాస్టారు, బరంపురం

తమ్ముడూ, కషాయం గొంతుకి హాయిగా ఉంటుంది, తాగనీ. ఎముక మజ్జ దాకా మాత్రం ఆ మాట వినబడదు.

అమ్మా, నేను డాక్టర్ని కాను. బరంపురంలో ల్యాబ్ టెక్నీషియన్ని, మాది కూడా మీ వైపే. మందు చెప్పే హక్కు నాకు లేదు. మీరడిగిన ప్రశ్న మాత్రం పెద్ద డాక్టర్లు కూడా ఏళ్ల తరబడి తర్జనభర్జన పడినదే. కాబట్టి కొంచెం విడమరిచి రాస్తాను, ఓపిగ్గా చదవండి.

రక్తపు చుక్కని గాజు పలక మీద పల్చగా లాగి, ఆరబెట్టి, లీష్మన్ రంగు పోసి మైక్రోస్కోపు కింద పెడతాం. ఆ రంగులో ఇయోసిన్ అనే ఎర్రది ఉంటుంది. ఆ ఎరుపుని పట్టుకునే తెల్లకణాలకే ఇయోసినోఫిల్ అని 1879లో పాల్ ఎర్లిక్ పేరు పెట్టాడు. నూరు తెల్లకణాలు లెక్కపెడితే మామూలుగా ఒకటో రెండో, ఎక్కువలో ఎక్కువ ఆరో ఉంటాయి. మీలాంటి వాళ్ల స్లైడులో ఎటు జరిపినా ఒకటి ఎదురవుతుంది. లోపల కేంద్రకం రెండు తమ్మెలుగా ఉంటుంది, చుట్టూ ఒకే సైజులో నారింజరంగు గింజలు కిక్కిరిసి ఉంటాయి. కణం పగిలి గింజలు చెదిరిపోయిన చోటు కూడా అప్పుడప్పుడు కనిపిస్తుంది. ఆ గింజల్లో మేజర్ బేసిక్ ప్రోటీన్ అని ఒకటుంది. పురుగుల్ని చంపడానికి పనికొచ్చే సరుకు అది. పురుగు లేని చోట ఒలికితే మన శ్వాసనాళం లోపలి పొరే ఒలిచినట్టవుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్న. ఈ కణాలు వాటంతట అవి పెరగవు. కబురు వస్తేనే పెరుగుతాయి. ఆ కబుర్లే మీ మేనల్లుడు చెప్పిన ఇంటర్‌ల్యూకిన్లు. ఒక కణం వదిలే చిన్న ప్రోటీన్ ఇంకో కణం మీదున్న రిసెప్టర్‌కి తగిలితే, ఆ రెండో కణం పని మారుతుంది. అంతే సంగతి.

మీ విషయంలో పిండి దుమ్ము అనుకుందాం. అది తగిలి చిరాకు పడిన శ్వాసనాళపు పొర ముందుగా టీఎస్‌ఎల్‌పీ, ఐఎల్-33 (ఐఎల్ అంటే ఇంటర్‌ల్యూకినే) అనే రెండు కబుర్లు వదులుతుంది. అవి అందుకునేవి టీహెచ్2 అనే తెల్లకణాలు, వాటి దాయాదులు ఐఎల్‌సీ2 కణాలు. ఇవి మూడు రకాల కబుర్లు పంపుతాయి. మీ ఒంట్లో బాధలన్నీ వాటిలోనే ఉన్నాయి. ఐఎల్-4 వెళ్లి బీ కణాలనే తెల్లకణాలతో ఐజీఈ అనే ఎలర్జీ యాంటీబాడీ తయారుచేయిస్తుంది, మీ రిపోర్టులో 860 దాని పుణ్యమే. ఆ ఐజీఈ మాస్ట్ కణాల మీద ఎక్కి కూర్చుంటుంది. మళ్లీ దుమ్ము తగిలితే చాలు, అవి హిస్టమిన్ వదులుతాయి, మీకు తుమ్ములు. ఐఎల్-13 వల్ల కఫం జిగటగా తయారై గొట్టాలు బిగుసుకుంటాయి, మీ పిల్లికూతలు అవే. ఐఎల్-5 సూటిగా ఎముక మజ్జకి పోతుంది. “ఇయోసినోఫిల్స్ ఎక్కువ చెయ్యి” అంటుంది. తయారైనవి త్వరగా చావకుండా చూసేదీ అదే.

అక్కడితో అవలేదు. రక్తంలో ఈ కణాలు ఒక రోజు కూడా నిలవవు. ఇయోటాక్సిన్ అనే ఇంకో కబురు ఊపిరితిత్తుల నుంచి పిలిస్తే రక్తనాళం గోడ దాటి అటు వెళ్లిపోతాయి. వెళ్లాక రోజుల తరబడి అక్కడే ఉంటాయి. అంటే మేం లెక్కపెట్టేది దారిలో ఉన్నవాటినే. పర్లాకిమిడి బస్టాండులో నిలబడ్డవాళ్లని లెక్కపెట్టి ఊళ్లో ఇంత జనం ఉన్నారని చెబితే ఎలా ఉంటుందో, కౌంటు చూసి రోగం ఎంతుందో చెప్పడమూ అంతే.

ఇది నా సొంత పైత్యం కాదు. ఐఎల్-5ని పట్టి ఆపే మెపొలిజుమాబ్ ఇంజెక్షన్‌ని ఆస్తమా వాళ్లకిచ్చి 2000లో ఫలితం ప్రచురించారు. రక్తంలో, కఫంలో ఇయోసినోఫిల్స్ పడిపోయాయి. గొట్టాలు బిగుసుకునే గుణం మాత్రం తగ్గలేదు. చాలామంది పెదవి విరిచారు. తర్వాత శ్వాసనాళం గోడలోంచి చిన్న ముక్క తీసి చూస్తే, అక్కడి కణాలు దాదాపు సగం ఉన్నచోటే ఉన్నాయి. 2009లో మనుషుల్ని ఎంచి చూశారు. ఇయోసినోఫిల్స్ ఎక్కువుండి, మాటిమాటికీ ఉబ్బసం ముదిరేవాళ్లకి మాత్రమే ఇచ్చారు. వాళ్లలో ఆ దాడులు బాగా తగ్గాయి. 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇంకో మందు డుపిలుమాబ్. ఇది ఐఎల్-4, ఐఎల్-13 రెండూ తగిలే రిసెప్టర్‌ని మూసేస్తుంది. ఇది మొదలుపెట్టాక కొందరిలో రక్తంలో కౌంటు కొన్నాళ్లు పెరుగుతుంది, మనిషికి మాత్రం హాయిగా ఉంటుంది! లోపలికి పిలిచే కబురు ఆగిపోవడంతో కణాలు రక్తంలోనే మిగిలిపోతాయి. కౌంటు ఒక్కటే చూసేవాడు అలాంటి రిపోర్టు చూస్తే గుండె బాదుకుంటాడు.

కాబట్టి మీ ప్రశ్నకి జవాబు: ముందు ఎలర్జీ కబురు, దాని వెనక కణాలు. వచ్చిన కణాలు కూడా ఊరుకోవు, పొరని గాయపరుస్తాయి. గాయపడ్డ పొర మళ్లీ కబురు పంపుతుంది. చక్రం తిరుగుతూనే ఉంటుంది.

ఇక ఆ తెల్ల మాత్ర, ప్రెడ్నిసొలోన్. అది స్టెరాయిడ్. స్టెరాయిడ్ ఈ కబుర్లన్నీ ఒక్కసారే అణిచేస్తుంది, ఇయోసినోఫిల్స్‌ని చంపుతుంది కూడా. గంటల్లోనే కౌంటు దిగుతుంది. అందుకే మీకు 210 వచ్చింది. మాత్ర ఆపితే పిండి దుమ్ము అక్కడే, టీహెచ్2 కణాలూ అక్కడే. షాపులో కొనుక్కుని నెలల తరబడి మింగితే సుగర్, బీపీ, ఎముకలు గుల్లబారడం, అన్నీ రావచ్చు. అలాగని ఒక్కసారిగా ఆపేయకండి, ఎక్కువ రోజులు వాడి ఉంటే డాక్టరే మెల్లగా దించాలి.

ఇంకొకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. పొలంలో, పెరట్లో చెప్పుల్లేకుండా తిరుగుతారా? స్ట్రాంగిలాయిడిస్ అని ఒక పురుగు అరికాలి చర్మం లోంచి దూరుతుంది. ఏళ్ల తరబడి పేగులో నక్కి ఉంటుంది, ఒకోసారి దాని గుర్తు కౌంటు పెరగడం ఒక్కటే. అలాంటి మనిషికి స్టెరాయిడ్ పడితే పురుగు ఒళ్లంతా పాకి ప్రాణం మీదకి తేవచ్చు. కౌంటు పెరిగినప్పుడల్లా “ఎలర్జీ” అని రాసేసి ఈ మాత్ర ఇచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండేది అందుకే.

ఛత్రపురం రైల్వే క్వార్టర్స్

మాస్టారు చెప్పింది నిజం. మా నాన్నగారికి రాత్రిళ్లు ఒకటే దగ్గు, బరువు తగ్గిపోయారు. కౌంటు 4,200. ఉబ్బసం అని చాలాకాలం పంపులు, సిరప్‌లు. చివరికి ఒక ఛాతీ డాక్టరు చూసి ఇది ఫైలేరియా వల్ల వచ్చే ఇస్నోఫిలియా అన్నారు. డీఈసీ మాత్రలు మూడు వారాలు వాడించారు. దగ్గు మొదటి వారంలోనే తగ్గుముఖం పట్టింది. కాలు వాపు లేదు, రక్తంలో పురుగు కనబడలేదు. మరి ఫైలేరియా ఎలా అయిందో నాకు ఇప్పటికీ వింతే.

స్లైడు మాస్టారు, బరంపురం

వింతేం కాదు బాబూ. దాన్ని ట్రాపికల్ పల్మనరీ ఇయోసినోఫిలియా అంటారు. ఫైలేరియా పిల్లపురుగుల మీద కొందరి ఒళ్లు అతిగా మండిపడుతుంది. అవి ఊపిరితిత్తుల్లోనే చిక్కి చస్తాయి, అందుకే అర్ధరాత్రి రక్తం తీసి స్లైడు వేసినా మాకు కనబడవు. కౌంటు సాధారణంగా 3,000 దాటుతుంది. అక్కడా మజ్జకి వెళ్లే కబురు అదే ఐఎల్-5. పంపించినవాడు వేరు, మందూ వేరు. మన గంజాం ఇంటింటికీ తిరిగి ఫైలేరియా మాత్రలు మింగించిన జిల్లా. ఇక్కడి డాక్టర్లకి ఇది తట్టకపోతే ఎవరికి తట్టాలి?

పిండిమర పర్లాకిమిడి

అన్నయ్యగారూ, చాలా థాంక్స్. చెప్పులు మేం పెరట్లో ఎప్పుడూ వేసుకోం. ఈ సంగతి డాక్టరుగారికి తప్పకుండా చెబుతాను. రెండు మాటలు మిగిలాయి. సెట్రిజిన్ వేసుకుంటే తుమ్ములు ఆగుతాయి, ఆయాసం ఆగదు, ఎందుకు? రెండోది, మర మూసేయమంటారా? అదే మా కూడు.

స్లైడు మాస్టారు, బరంపురం

సెట్రిజిన్ హిస్టమిన్‌ని మాత్రమే అడ్డుకుంటుందమ్మా. తుమ్ము, దురద, ముక్కు కారడం దాని పని, కాబట్టి అవి ఆగుతాయి. ఐఎల్-5, ఐఎల్-13 జోలికి అది పోదు. లోపలి వాపు తగ్గాలంటే పీల్చే స్టెరాయిడ్ కావాలి. మాత్రతో పోలిస్తే డోసు చాలా తక్కువ, అది కూడా నేరుగా గొట్టాల్లోకే పోతుంది. “ఇన్‌హేలర్ అలవాటైపోతుంది” అని మనవాళ్లు భయపడతారు గానీ, చీటీ లేకుండా మాత్రలు మింగడానికి భయపడరు! పీల్చాక నోరు పుక్కిలించండి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది. మేనల్లుడు చెప్పిన ఇంజెక్షన్లు, ఇన్‌హేలర్ సరిగ్గా వాడినా లొంగని వాళ్లకి. మీరింకా ఆ మెట్టు ఎక్కనే లేదు, ఆ టెన్షన్ వద్దు.

మర సంగతి తేల్చేది నేను కాదు, కానీ డాక్టరుకి ఆధారం మీరే పట్టుకెళ్లొచ్చు. పీక్ ఫ్లో మీటరు అని ప్లాస్టిక్ గొట్టం దొరుకుతుంది, పెద్ద ఖరీదు కాదు. గట్టిగా ఊదితే ముల్లు ఒక అంకె మీద ఆగుతుంది. రోజుకి నాలుగుసార్లు, ప్రతిసారీ మూడేసి ఊదులు ఊది పెద్ద అంకె రాసుకోండి. మర ఆడిన రోజు, ఆడని రోజు పక్కన గుర్తు పెట్టండి. రజ పండక్కి మర కట్టేస్తే ఆ రోజులు బాగా పనికొస్తాయి. అవి ఒక్కటే చాలవు, పుట్టింటికెళ్లిన రోజులు కూడా కలపండి. సెలవుల్లో అంకె పెరిగి, మర మొదలెట్టాక దిగితే దుమ్ము మీద అనుమానం బలపడినట్టే. బేకరీల్లో, మరల్లో పనిచేసేవాళ్లకి గోధుమపిండితో ఉబ్బసం రావడం ఎప్పటి నుంచో తెలిసిందే. అలా తేలితే తూకం బల్ల బయట వరండాలోకి మార్చుకోవచ్చు. చీపురు మానేసి తడిగుడ్డతో తుడవచ్చు. ముక్కుకి చీర కొంగు కాదు, ఎన్95 మాస్కు.

రిపోర్టులు, మీరు మింగిన ఖాళీ అట్టలు అన్నీ ఒక కవరులో పెట్టి పట్టుకెళ్లండి. స్టెరాయిడ్ ఎన్నాళ్లు వేసుకున్నారో దాచకుండా చెప్పండి, ఆ 210ని డాక్టరు ఎలా చూడాలో దాన్ని బట్టే ఉంటుంది.