శాంటా క్రూజ్ వైపు స్టేట్ పార్కులు: పెద్దవాళ్లతో, పిల్లలతో టెంట్ వేయాలంటే

సెలవుచీటీ
కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి రెండు రాత్రులకి. మొత్తం ఆరుగురం. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, ఇద్దరూ అరవై దాటినవాళ్లు. పిల్లలకి ఆరేళ్లు, తొమ్మిదేళ్లు. బీచ్ దగ్గర్లో ఉండాలి, కాస్త అడవిలో నడక కూడా ఉంటే బాగుంటుంది. ఏ పార్కు, ఎప్పుడు, ఏం తీసుకెళ్లాలి? వంట మేమే చేసుకుంటాం.

తీరంబాట
మీ లెక్కకి మొదటి పేరు న్యూ బ్రైటన్ స్టేట్ బీచ్, కాపిటోలా పక్కన. ఇక్కడ బీచ్ క్యాంపింగ్ అంటే ఇసుకలో టెంట్ వేయడం అనుకోకండి. క్యాంప్‌గ్రౌండ్ గట్టు మీద చెట్ల మధ్య ఉంటుంది, ఇసుకలోకి నడిచి దిగాలి. మోకాళ్ల నొప్పులుంటే పెద్దవాళ్లని కారులో కింద డే యూజ్ (పగటి పూట వచ్చేవాళ్ల) పార్కింగ్ దాకా తీసుకెళ్లడం మేలు.

దక్షిణంగా వెళ్తే మన్రేసా, సన్‌సెట్ అనే స్టేట్ బీచ్‌లు ఉన్నాయి. మన్రేసాలో టెంట్ సైట్లకి కారు రాదు, పార్కింగ్ నుంచి సామాను మోసుకోవాలి. ఆరుగురి సామాను, కూలర్, కుక్కర్ అంటే నాలుగైదు విడతలు తిరగాల్సిందే. సన్‌సెట్‌లో కారు సైట్ దాకా వస్తుంది కానీ గాలి ఎక్కువ. సీక్లిఫ్ బీచ్ గురించి పాత బ్లాగులు చూసి వెళ్లకండి. 2023 జనవరి తుఫానుకి అక్కడి ఆర్‌వీ (ఇల్లులాంటి బండ్ల) క్యాంప్‌గ్రౌండ్ కొట్టుకుపోయింది, సముద్రంలోకి కట్టిన పియర్ వంతెన కూడా తీసేశారు. పగటి పూటకి మాత్రం మంచి బీచే.

బిగ్ బేసిన్ అనే రెడ్‌వుడ్ అడవి పార్కు గురించి ఎవరైనా చెబితే: 2020 ఆగస్టు మంటల్లో పార్కు 97 శాతం పైగా కాలింది. 2022 జూలైలో తిరిగి తెరిచారు, పగటి పూటకే.

కొండదారి
నెల సంగతి ముందు తేల్చుకోండి. జూన్, జూలైల్లో ఫ్రీమాంట్‌లో 90 ఫారెన్‌హీట్ ఉంటే తీరం మీద 60. లోపలి లోయలు వేడెక్కే కొద్దీ సముద్రం మీది మంచు తెర తీరం మీదికి వస్తుంది. మధ్యాహ్నం దాకా సూర్యుడు కనపడడు, రాత్రి 50కి దిగుతుంది, అంటే 10 సెల్సియస్. సెప్టెంబర్, అక్టోబర్ నెలలే ఈ తీరానికి అసలైన వేసవి. మీ అమ్మానాన్నలు అప్పటిదాకా ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు.

నోటిఫికేషన్‌రాజా
బుకింగ్ రిజర్వ్‌కాలిఫోర్నియా సైట్‌లో. దిగే తేదీకి సరిగ్గా ఆరు నెలల ముందు, పసిఫిక్ టైమ్ ఉదయం 8 గంటలకి ఆ తేదీ తెరుచుకుంటుంది. సెప్టెంబర్ 12న దిగాలంటే మార్చి 12న 8కి. శుక్రవారం రాత్రితో మొదలయ్యేవి నిమిషాల్లో అయిపోతాయి. 7:50కే లాగిన్ అయి, కార్డు వివరాలు ముందే సేవ్ చేసుకుని, మ్యాప్‌లో మూడు సైట్ల నంబర్లు ఒక చీటీ మీద రాసిపెట్టుకోండి. మొదటిది పోతే వెతుక్కునే టైమ్ ఉండదు.

శుక్ర–శని దొరక్కపోతే ఆది–సోమ చూడండి, తేలిగ్గా దొరుకుతాయి. లేదంటే వెళ్లే వారం సోమ, మంగళవారాల్లో రోజుకి రెండు మూడుసార్లు సైట్ తెరవండి. చివర్లో వదులుకునేవాళ్లు అప్పుడే బయటపడతారు. మీరు రద్దు చేసినా బుకింగ్ ఫీజు తిరిగి రాదు, తేదీ దగ్గరపడ్డాక చేస్తే ఒక రాత్రి అద్దె కూడా పోతుంది.

తీరం సైట్లు రాత్రికి 35 డాలర్ల చుట్టుపక్కల. ఒక సైట్‌కి ఎనిమిది మంది వరకు, ఒక కారు అందులోనే. రెండో కారుకి విడిగా కట్టాలి, కొన్ని సైట్లలో దానికి చోటే ఉండదు, ఓవర్‌ఫ్లో (అదనపు) పార్కింగ్‌కి పంపుతారు. చెక్ ఇన్ మధ్యాహ్నం 2కి, ఖాళీ చేయాల్సింది 12కి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నిశ్శబ్దం, అంటే స్పీకర్‌లో పాటలు కుదరవు.

కొండదారి
@నోటిఫికేషన్‌రాజా సైట్ ఎంపిక గురించి ఇంకొకటి. బాత్‌రూమ్ పక్క సైట్ పెద్దవాళ్లకి బాగుంటుందనిపిస్తుంది కానీ రాత్రంతా లైటు, తలుపు చప్పుడు. రెండు మూడు సైట్ల అవతలిది తీసుకోండి. షవర్లకి చాలా పార్కుల్లో క్వార్టర్ నాణేలు వేయాలి, ఒక పది డాలర్ల చిల్లర ఉంచుకోండి.

గుడారం_గోపి
చలి దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు, అదీ పైనుంచి కాదు, కింద నుంచి.

గాలి పరుపు ఒక్కటే వేసుకుంటే అందులోని గాలి నేలతో పాటు చల్లబడి ఒంట్లో వేడంతా లాగేస్తుంది. పైన రెండు రగ్గులు కప్పినా లాభం లేదు. పరుపు మీద ఫోమ్ మ్యాట్ పరచండి, లేదా ఆర్ వాల్యూ (నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 4 పైన ఉన్న ప్యాడ్ కొనండి. పెద్దవాళ్లకి నేల మీద నుంచి లేవడం కష్టం కాబట్టి మడత మంచం అద్దెకి తీసుకోవచ్చు, కానీ మంచం కింద కూడా గాలి ఆడుతుంది, దాని మీదా మ్యాట్ ఉండాల్సిందే.

స్లీపింగ్ బ్యాగ్ మీద 40 ఫారెన్‌హీట్ అని రాసి ఉంటే అది హాయిగా పడుకునే వేడి కాదు, ఎలాగో తట్టుకునే హద్దు. దానికి 10–15 డిగ్రీలు కలిపి చూసుకోండి. ఇక్కడికి 20 లేదా 30 రాసి ఉన్నది కావాలి.

టెంట్ పెట్టె మీద ఆరుగురికి అని ఉంటే నలుగురే పడుకోగలరు. మీకు రెండు టెంట్లు: నిజంగా నలుగురు పడుకోగలిగేదొకటి, ఇద్దరు పడుకోగలిగేదొకటి. కింద పరిచే టార్ప్ పట్టా టెంట్ అడుగు కంటే అంగుళమో రెండంగుళాలో లోపలికే ఉండాలి. అంచు బయటికి పొడుచుకొస్తే పై కవరు మీద పడ్డ మంచు జారి ఆ అంచు మీద పడి, టార్ప్‌కీ టెంట్ అడుగుకీ మధ్య చెరువు కడుతుంది. పొద్దున పరుపులు తడిగా ఉంటే టెంట్ కారిందని తిట్టుకుంటారు, నిజానికి టార్ప్ పెద్దదైంది. అలాగే చలికి జడిసి కిటికీలన్నీ మూసేస్తే ఊపిరి ఆవిరే లోపల బొట్లుగా రాలుతుంది. పైన వెంట్ తెరిచి ఉంచాలి.

టెంట్‌తో వచ్చే సన్నని మేకులు సన్‌సెట్ లాంటి ఇసుక నేలలో నిలవవు. వెడల్పాటి ఇసుక మేకులు విడిగా దొరుకుతాయి. ఖాళీ సంచుల్లో ఇసుక నింపి తాడు కట్టి పాతిపెట్టినా ఆగుతుంది.

ఇంకోటి, గట్టిగా చెబుతున్నా: చలేస్తోందని టెంట్‌లోకి స్టవ్‌గానీ బొగ్గుల కుంపటిగానీ తేవద్దు. ఆరిపోయినట్టున్న బొగ్గులు కూడా కార్బన్ మోనాక్సైడ్ వదులుతూనే ఉంటాయి, వాసన రాదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

పోపులపెట్టె
వంట నా శాఖ 🙂

రెండు బర్నర్ల ప్రొపేన్ స్టవ్ తీసుకోండి, మూడు వైపులా గాలి అడ్డు రేకులు ఉన్నది. ఒక పౌను సిలిండర్ రెండు బర్నర్లూ పూర్తి మంట మీద పెడితే గంట సేపు వస్తుంది. ఆరుగురికి రెండు రోజులంటే నాలుగు సిలిండర్లు, ఒకటి స్పేర్. సూపర్ మార్కెట్‌లో దొరికే చిన్న బ్యూటేన్ స్టవ్ ఇంట్లో బ్రహ్మాండంగా మండుతుంది. బ్యూటేన్ సున్నా సెల్సియస్ దగ్గరే ఆవిరవడం ఆపేస్తుంది కనుక తీరం మీద తెల్లవారుజామున డబ్బాలో ప్రెషర్ లేక నీరసంగా వెలుగుతుంది. గాలి వస్తోందని ఫాయిల్‌తో స్టవ్‌నీ డబ్బానీ కలిపి చుట్టేస్తే డబ్బా వేడెక్కి పేలే ప్రమాదం ఉంది.

అన్నానికి మూడు లీటర్ల కుక్కర్ చాలు, గాలికి గిన్నెలో అన్నం ఉడకడానికి గ్యాస్ రెట్టింపు పడుతుంది. పులిహోర పులుసు ఇంట్లోనే ఉడికించి సీసాలో పోసుకోండి. ఉప్మారవ్వ వేయించి పోపు కలిపేసి పెట్టుకుంటే అక్కడ వేడినీళ్లు పోయడమే. ఉల్లిపాయలు ఇంట్లోనే తరుక్కోండి. అక్కడ కొళాయి దగ్గర గిన్నెలు తోమనివ్వరు. తోమిన నీళ్లు చెట్ల మొదట్లో పోయడమూ కుదరదు, జల్లెడ పట్టి మెతుకులు చెత్తలో వేసి, నీళ్లు వాళ్లు చూపించిన చోట పారబోయాలి. అందుకని గిన్నెలు కాగితపు తువ్వాలుతో తుడిచాకే నీళ్లు తగలనివ్వండి.

కొండదారి
మెతుకుల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు పులిహోర, మరమరాలు తింటూ ఇదే ఎక్కువ చేస్తారు. బిగ్ బేసిన్, బ్యుటానో, పోర్టోలా రెడ్‌వుడ్స్ పార్కుల్లో ఒక్క మెతుకు కూడా రాల్చకూడదని బోర్డులు ఉంటాయి. కారణం మార్బుల్డ్ మర్రెలెట్ అనే సముద్ర పక్షి. చేపలు సముద్రంలో పడుతుంది, గుడ్డు మాత్రం మైళ్ల లోపల పాత రెడ్‌వుడ్, డగ్లస్ ఫర్ చెట్ల కొమ్మల మీద పెడుతుంది, ఒక్కటే గుడ్డు. దాని గూడు ఎక్కడుంటుందో 1974 దాకా ఎవరికీ తెలీదు. ఈ ఖండంలో మొదటి గూడు దొరికింది బిగ్ బేసిన్‌లోనే. మన మెతుకులకి నీలం రంగు జే పక్షులు, మాలకాకులు క్యాంపు చుట్టూ చేరి, అక్కడే స్థిరపడి, ఆ గుడ్లు తినేస్తాయి. బల్ల కింద రాలినవి కూడా ఏరాలి.

న్యూ బ్రైటన్‌లో ఆ గొడవ లేదు గానీ రకూన్లు అనే రాత్రిపూట తిండి దొంగిలించే జంతువులు ఉన్నాయి. మూత పెట్టిన కూలర్ వాటికి లెక్కే కాదు. రాత్రి ఆహారమంతా సైట్‌లోని పెట్టెలో గానీ కారు డిక్కీలో గానీ పెట్టి తాళం వేయాలి. పిల్లల టూత్‌పేస్ట్ కూడా.

తీరంబాట
సముద్రం. నీళ్లు వేసవిలోనూ 55–60 ఫారెన్‌హీట్. ఒక్కసారిగా నడుం దాకా దిగితే గుండె అదిరి నోరు తెరుచుకుని పీల్చేస్తారు, ఆ క్షణంలో అల వస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకే. పెద్దవాళ్లు పాదాలు తడుపుకోవడంతో ఆగాలి. అదీ చీర కుచ్చెళ్లు, పంచె పైకి కట్టుకుని. తడిసిన బట్ట కాళ్లకి చుట్టుకుంటే అల వెనక్కి లాగేటప్పుడు నిలదొక్కుకోలేరు. పిల్లలు ఆడాలంటే చలి ఆపే రబ్బరు వెట్‌సూట్ అద్దెకి దొరుకుతుంది.

న్యూ బ్రైటన్, సీక్లిఫ్ మాంటెరీ బే ఉత్తరపు మూలలో దక్షిణం వైపు తిరిగి ఉన్నాయి, వాయవ్యం నుంచి వచ్చే పెద్ద అలలకి శాంటా క్రూజ్ భూభాగం అడ్డం పడుతుంది. అందుకే అవి నెమ్మది. మన్రేసా, సన్‌సెట్ అలలకి అడ్డం లేకుండా ఉన్నాయి, రిప్ కరెంట్లు (ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగే ప్రవాహాలు) మామూలు. అలలు విరిగే వరుసలో ఒకచోట నురగ లేకుండా నల్లగా, ప్రశాంతంగా ఉంటే అక్కడే దిగాలనిపిస్తుంది, అదే రిప్. చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకుండా, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది బయటపడాలి.

ఇంకా దక్షిణంగా కార్మెల్ ఊరి దాకా వెళ్తే మొనాస్టరీ బీచ్‌లో నీటి అంచుకి కూడా పోవద్దు. అది కార్మెల్ రివర్ స్టేట్ బీచ్‌లో భాగం. ఇసుక ఏటవాలుగా ఒక్కసారే లోతుకి పడిపోతుంది, అల ఒడ్డు మీదే విరిగి నిలబడ్డవాళ్లని లాగేస్తుంది. ఫొటో కోసం సముద్రానికి వీపు పెట్టడం ఈ తీరంలో ఎక్కడా పనికిరాదు.

ఆకుపచ్చచొక్కా
నడకకి న్యూ బ్రైటన్ నుంచి ఐదు పది నిమిషాల్లో ఆప్టోస్‌లో నిసీన్ మార్క్స్ పార్కు. ఆప్టోస్ క్రీక్ ఫైర్ రోడ్ వెడల్పుగా, మొదట్లో దాదాపు చదునుగా, నీడగా ఉంటుంది, ఎంత దూరమనిపిస్తే అంత వెళ్లి తిరిగి రావచ్చు. 1989 అక్టోబర్ 17 భూకంపం కేంద్రం ఈ పార్కులోనే, దానికో బోర్డు కూడా ఉంది. తొమ్మిదేళ్ల పిల్లలకి అది చాలు.

పెద్దవాళ్లకి ఇంకా తేలిక కావాలంటే హెన్రీ కవెల్ పార్కులో రెడ్‌వుడ్ గ్రోవ్ లూప్ (చుట్టి వచ్చే దారి), 0.8 మైలు, వీల్‌చెయిర్ వెళ్లేంత చదును. అక్కడ పొరపాటు పడే చోటు ఒకటి ఉంది. ఈ లూప్‌కి దారి ఫెల్టన్ దగ్గర హైవే 9 మీద. పార్కు క్యాంప్‌గ్రౌండ్‌కి మాత్రం గ్రాహమ్ హిల్ రోడ్ మీద వేరే గేటు. ఫోన్‌లో పార్కు పేరు కొడితే ఏ గేటుకి తీసుకెళ్తుందో చూసుకోండి. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, ఆ కొండల్లో సిగ్నల్ ఉండదు.

దారి పక్కన పాయిజన్ ఓక్ అనే దురద మొక్క ఉంటుంది. మూడేసి ఆకులు, మెరుస్తూ, సెప్టెంబర్‌కి ఎర్రబడతాయి. పిల్లలు అందంగా ఉన్నాయని కోస్తారు. ఇది మామిడి, జీడిమామిడి, నల్లజీడి కుటుంబమే. మామిడికాయ సొన తగిలితే పొక్కేవాళ్లు మరీ జాగ్రత్త. శీతాకాలం ఆకు రాలాక ఉత్త పుల్ల తగిలినా దురదే. తగిలిందనిపిస్తే వీలైనంత త్వరగా చల్లటి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, గరుకు గుడ్డతో రుద్ది కడగాలి. ఆ మొక్క జిడ్డు సబ్బుకే పోతుంది. కొబ్బరినూనె రాస్తే జిడ్డుని ఒళ్లంతా పూసినట్టే. బూట్ల లేసులు కూడా కడగండి, మరుసటి వారం మళ్లీ దురద వచ్చేది వాటి నుంచే.

సెలవుచీటీ
చాలా థాంక్స్ అండీ. రెండు డౌట్లు. పాస్ ఏదైనా కొనాలా? పొయ్యి కట్టెలు ఇక్కడి నుంచే తెచ్చుకోవచ్చా? దక్షిణాన బిగ్ సర్ తీరంలోని ఫైఫర్ బీచ్ కూడా ఒక పగలు కలపొచ్చా?

నోటిఫికేషన్‌రాజా
అవి మూడు 😄 పాస్ కొనొద్దు. మీ ఊరి లైబ్రరీలో స్టేట్ పార్క్స్ పాస్ పుస్తకంలా అరువిస్తారు, ఒక కారుకి డే యూజ్ ఎంట్రీ ఉచితం. హోల్డ్ పెట్టాలి, అంటే ముందే పేరు రాయించుకోవాలి, వేసవిలో క్యూ ఉంటుంది. క్యాంపింగ్ అద్దెకి పనికిరాదు.

కట్టెలు తేవద్దు. కట్టెల్లో దాక్కున్న పురుగులు, తెగుళ్లు కొత్త అడవికి ఎక్కుతాయి. పార్కులోనే క్యాంప్ హోస్ట్ (అక్కడే ఉండి క్యాంపు చూసుకునే మనిషి) దగ్గర గానీ దగ్గర్లో కొట్లో గానీ కొనండి. కింద పడ్డ పుల్లలు ఏరడమూ నిషేధమే. పొడిగా ఎండిన రోజుల్లో కట్టెల మంటే ఆపేస్తారు, కాబట్టి వంట మంట మీద చేద్దామని ప్లాన్ చేయకండి.

తీరంబాట
ఫైఫర్ బీచ్ స్టేట్ పార్కు కాదు, లాస్ పాడ్రెస్ నేషనల్ ఫారెస్ట్. లైబ్రరీ పాస్ అక్కడ చెల్లదు. దారి సన్నగా ఉంటుంది, పార్కింగ్ నిండితే వెనక్కి పంపేస్తారు. ఫైఫర్ బిగ్ సర్ స్టేట్ పార్కు వేరు, అది నది ఒడ్డున రెడ్‌వుడ్స్‌లో ఉంది, దానికి సముద్రం లేదు. జూలియా ఫైఫర్ బర్న్స్ ఇంకోటి, మెక్‌వే జలపాతం ఉన్నది. అక్కడ ఇసుకలోకి దిగనివ్వరు, పైనుంచి చూడటమే. మూడింటినీ కలిపి రాసిన పోస్టులు బోలెడు.

అయినా కాపిటోలా నుంచి బిగ్ సర్ ఒక్క పగలుకి పెద్దవాళ్లకి ఎక్కువ. హైవే 1 కొండచరియలు పడి మూతపడుతూ ఉంటుంది, రోడ్ల మూసివేతలు చూపించే క్విక్‌మ్యాప్ సైట్ చూడకుండా బయల్దేరకూడదు. దాని బదులు కార్మెల్ దగ్గరి పాయింట్ లోబోస్ స్టేట్ రిజర్వ్‌కి వెళ్లండి. పొద్దున 9కి ముందే చేరాలి, తర్వాత పార్కింగ్ నిండిపోతుంది. కుక్కల్ని రానివ్వరు, మూడు చోట్ల తప్ప తినడానికి వీల్లేదు.

పోపులపెట్టె
ఆ మూడు చోట్లలో ఒకచోట బల్లలు ఖాళీగా ఉంటే పెరుగన్నం. అల్లం, ఆవపోపు ముందే కలిపేయండి, పెరుగు మాత్రం కూలర్‌లో ఐస్ మీదే ఉంచి అక్కడే కలపాలి. దానిమ్మ గింజలు వేయకండి, రాలతాయి.