వాగ్దాన కార్డు తీసుకుంటే ఆత్మీయంగా ఎదుగుతామా?

బెరయ బెంచీ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ వందనాలు. డిసెంబర్ 31 రాత్రి కూడికలో పన్నెండు కొట్టగానే పళ్ళెంలో వాగ్దాన కార్డులు తిప్పారు, కొత్త ఏడాదికి తలా ఒక బైబిల్ వచనం ఉన్న కార్డన్నమాట. నాకు యిర్మీయా 29:11 వచ్చింది. "నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును" అనే వచనం. ఐదేళ్ళలో ఇది మూడోసారి. పక్కనున్న కుర్రాడు తన కార్డు చదువుకుని, నచ్చక, మెల్లగా పళ్ళెంలో వేసేసి ఇంకోటి తీసుకున్నాడు. ఈ ప్రశ్న అక్కడే పుట్టింది.

ఇంటికొచ్చి ఆ అధ్యాయం మొత్తం చదివాను. అది ఒక ఉత్తరం. యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా పోయినవాళ్ళకు యిర్మీయా ప్రవక్త పంపింది. మన కార్డు మీద వేసే వచనానికి ముందటి వచనంలోనే "డెబ్బది సంవత్సరములు" అని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది సొంత ఊరు చూడకుండానే పోతారు. వాళ్ళను అక్కడే ఇళ్ళు కట్టుకోమన్నాడు, తోటలు నాటుకోమన్నాడు, తమను చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయమన్నాడు. దానికి ముందు 28వ అధ్యాయంలో హనన్యా అనే ఆయన రెండేళ్ళలో అంతా సర్దుకుంటుందని ప్రవచించాడు. అబద్ధమని తేలింది. మనం చేతిలో యిర్మీయా కార్డు పట్టుకుని చెవిలో హనన్యా మాట వింటున్నామేమో.

ఇంకో సంగతి. మన పాత తెలుగు బైబిల్లో దేవుడు ఒక్కరితో మాట్లాడితే "నీవు" అంటాడు. అబ్రాహామైనా, మోషే అయినా అంతే. "మీరు" అన్నాడంటే జనం. ఇక్కడ ఉన్నది "మిమ్మును". మనకేమో "మీరు" మర్యాద మాట, అందుకని నాకొక్కడికే గౌరవంగా చెప్పినట్టు వినిపిస్తుంది!

ఈ కార్డులు మానేసి, ఏడాదికి బైబిల్లోని ఒక్క పుస్తకమైనా పట్టుకుని చదివితే ఎదుగుతామని నా అభిప్రాయం. మీరేమంటారు?

నైట్ డ్యూటీ

బ్రదర్, నేను గల్ఫ్‌లో నర్సును. నెలలో సగం రాత్రులు డ్యూటీయే. మూడేళ్ళ క్రితం ఊళ్ళో తీసుకున్న కార్డు ఇప్పటికీ నా ఐడీ కార్డు వెనక ప్లాస్టిక్ కవర్లో ఉంది. "ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు." కీర్తన 121:4. తెల్లవారుజామున మూడింటికి ఐసీయూలో అలారాలు మోగుతున్నప్పుడు నేను యిర్మీయా 29వ అధ్యాయం మొత్తం తీసి చదవలేను. ఒక్క వచనమే పనికొస్తుంది. దాన్ని తప్పు అనకండి.

రెండో టీ

చరిత్ర తెలియకుండా కొట్టిపారేస్తే ఎలా? జర్మనీలోని హెర్న్‌హుట్‌లో మొరేవియన్ సంఘం అనే ప్రొటెస్టెంట్ క్రైస్తవ సంఘం 1728 నుంచి రోజుకో వచనం ఇస్తోంది. 1731 నుంచి అది పుస్తకంగా అచ్చవుతోంది. పాత నిబంధన వచనాన్ని ఇప్పటికీ చీటీ తీసే నిర్ణయిస్తారు. ప్రపంచమంతటా మిషనరీలను పంపిన సంఘం అది. తొలి శతాబ్దాల క్రైస్తవ పండితుడు అగస్టీను సంగతీ అందరికీ తెలిసిందే. 386లో మిలాన్‌లో, తోటలో, "తీసి చదువు" అన్న పిల్ల గొంతు విని గ్రంథం తెరిచాడు, కళ్ళబడిన వచనంతో జీవితమే మారిపోయింది. ఒక్క వచనం చాలదని ఎవరన్నారు?

బెరయ బెంచీ

@రెండో టీ: మంచి ఉదాహరణే ఇచ్చారు, కానీ అది నావైపే మాట్లాడుతోంది. అగస్టీనుకు కళ్ళబడింది రోమా 13:13, 14. తాగుడు, కామవిలాసాలు, కలహాలు మాని ప్రభువును ధరించుకోమన్న మాట. వాగ్దానం కాదది, మందలింపు. మన పళ్ళెంలో అలాంటి కార్డు ఒక్కటి చూపించండి. "మీ పండుగ దినములను నేను అసహ్యించుకొనుచున్నాను" అన్న ఆమోసు 5:21 ఎవరికైనా వచ్చిందా? మొరేవియన్ల చీటీలో మెత్తని వచనాలే ఉండాలన్న నియమం లేదు.

@నైట్ డ్యూటీ: సిస్టర్, మీ మాటకు నా దగ్గర జవాబు లేదు.

పల్లె కాపరి

నేను చిన్న సంఘానికి పాస్టర్‌ను. ఈ కార్డులు వేయించేది నేనే, అందుకని నా వంతు తిట్లు నేను తింటాను.

ఒక ఏడాది ధైర్యం చేసి మీకా 6:8 కూడా కలిపాను. "న్యాయముగా నడుచుకొనుటయు, కనికరమును ప్రేమించుటయు" అన్న వచనం. జనవరి 1 పొద్దున్నే ఒక పెద్దాయన ఇంటికొచ్చాడు. కార్డు బల్ల మీద పెట్టి, "అయ్యగారూ, ఇది వాగ్దానంలా లేదండీ, పని చెప్పినట్టుంది. మార్చి ఇంకోటి ఇవ్వండి" అన్నాడు. నవ్వొచ్చింది, బాధా వేసింది. మార్చి ఇచ్చానని ఒప్పుకోవాలి. ఆ రోజు నేను కాపరిలా కాదు, కొట్టు నడిపేవాడిలా ప్రవర్తించాను.

అయితే ఏడాదిలో బైబిల్ మొత్తం చదివించే ప్రణాళికా నడిపి చూశాను. 1189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే అయిపోతుంది. ముప్పైమంది పేర్లిచ్చారు. లేవీయకాండం వచ్చేసరికి తొమ్మిదిమంది మిగిలారు. వాళ్ళలోనూ ఇద్దరు వాట్సాప్ గ్రూపులో టిక్కులు పెట్టడంలో పోటీ పడ్డారు తప్ప ఏం చదివారంటే చెప్పలేకపోయారు. ఇలాంటి ప్రణాళికల్లో బాగా పేరుపడినదాన్ని 1842లో స్కాట్లాండ్‌లో రాబర్ట్ మరే మెక్‌షేన్ తన సంఘం కోసం రాశాడు. దాని ముందుమాటలోనే ఆయన ప్రమాదాలు చెప్పాడు: మొక్కుబడిగా చదవడం, చదివాను గనుక నీతిమంతుణ్ణి అనుకోవడం, అజాగ్రత్త, మోయలేని కాడి అయిపోవడం. నా గ్రూపులో నాలుగూ కనబడ్డాయి.

పౌడర్ డబ్బా

మా నాయనమ్మ సంగతి చెప్తాను. ఆవిడకు చదువు రాదు. ప్రతి ఏడాది వాగ్దాన కార్డు తెచ్చి పాత పౌడర్ డబ్బాలో వేసేది. ముప్పైకి పైగా ఉండేవి. రాత్రి అన్నాలయ్యాక ఒకటి తీసి నా చేతికిచ్చేది. నేను చదివితే సరిపోయేది కాదు. "దీని పైన ఏముందిరా? కింద ఏముంది?" అని అడిగేది. కార్డులో ఉండదు కదా, బైబిల్ తీయాల్సిందే. నాకు నిద్రొస్తుండేది, విసుక్కునేవాణ్ణి. ఫిలిప్పీ 4:13 అలాగే చదివాం. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్నదానికి పైన ఏముందంటే, కడుపు నిండి ఉండటం, ఆకలితో ఉండటం రెండూ నేర్చుకున్నానని పౌలు జైల్లోంచి రాసిన మాట. అది విని నాయనమ్మ "ఆకలి నేర్చుకోవడమేంటి, అది మనకు పుట్టుకతోనే వచ్చు" అంది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

బైబిల్ నాకు వచ్చిందంటే సండే స్కూల్ కంటే ఆ డబ్బా వల్లే.

బెరయ బెంచీ

మీ నాయనమ్మలా పైనా కిందా అడిగేవాళ్ళు ఎంతమంది ఉన్నారు? మిగతావాళ్ళంతా కార్డును ఫొటో తీసి స్టేటస్ పెట్టుకుని అక్కడితో ఆపేస్తున్నారు. మత్తయి 4లో యేసును దేవాలయ గోపురం మీద నుంచి దూకమంటూ సాతాను కూడా కీర్తన 91 నుంచి ఒక మంచి వాగ్దానాన్నే తీసి చూపించాడు. యేసు ప్రభువు దాన్ని కాదనలేదు, దేవుణ్ణి శోధించవద్దన్న ద్వితీయోపదేశకాండంలోని ఇంకో మాటను దాని పక్కన ఉంచాడు. రెండో మాట తెలియనివాడు గోపురం మీద నుంచి దూకేస్తాడు.

రెండో టీ

సరే, అగస్టీను విషయంలో ఒప్పుకుంటున్నా. కానీ 2 కొరింథీ 1:20 మర్చిపోకండి. దేవుని వాగ్దానాలన్నీ క్రీస్తునందు "అవును" అన్నట్టే ఉన్నాయన్నాడు పౌలు. బబులోను చెరవాళ్ళకు రాశాడు కాబట్టి నాకు వర్తించదంటే, కొరింథీ పత్రిక కూడా కొరింథువాళ్ళదేగా!

నైట్ డ్యూటీ

మీ గొడవ చదివి ఈ రాత్రి బ్రేక్‌లో కీర్తన 121 మొత్తం తీశాను. ఎనిమిదే వచనాలు, మూడేళ్ళలో ఒక్కసారీ చదవలేదు, సిగ్గేసింది. యాత్రకీర్తన అట. కొండలెక్కి యెరూషలేముకు నడిచేవాళ్ళు పాడుకునేది. చివర్లో "నీ రాకపోకలయందు" కాపాడునని ఉంది. ఊరొదిలి వచ్చిన నాకు అదే ఎక్కువ తగిలింది. కార్డు మాత్రం తీసేయను.

పల్లె కాపరి

ఈసారి మీకా 6:8 మళ్ళీ కలుపుతున్నాను, ఎవరొచ్చినా మార్చను. ఇంకో ఆలోచన. కార్డు వెనక ఆ వచనం పైనా కిందా ఉన్న నాలుగు వచనాలు వేయిస్తే ఎలా ఉంటుంది? వెనకవైపు చోటుంది కదా.

పౌడర్ డబ్బా

మీ దగ్గర ఉందేమో అయ్యగారూ. మా సంఘంలో వెనకంతా అయ్యగారి ఫొటో, అమ్మగారి ఫొటో, కింద ఫోన్ నంబరు. ముందు వాటిని ఖాళీ చేయించాలి.