ఒడ్డున దెబ్బతిన్న తాబేలు, సముద్రంలోకి తోసేయాలా?

ప్రశ్న: చెన్నై బీసెంట్ నగర్ బీచ్‌లో ఒక ఆలివ్ రిడ్లీ సముద్ర తాబేలు ఉందండీ, ముందు కాలికి నైలాన్ వల దారం బిగుసుకుపోయి ఒరుసుకున్న చోట కండ తెల్లగా కనిపిస్తోంది, కదలట్లేదు. జనం నీళ్లలోకి తోసేద్దామంటున్నారు.

జవాబు: తోయొద్దు బాబూ! అదీ ఊపిరితిత్తులతో గాలి పీల్చేదే, నీరసంగా ఉంటే మునిగి చస్తుంది. నీడ పట్టి, ముక్కు వదిలి తడిగుడ్డ కప్పండి, అటవీ శాఖకి ఫోన్ కొట్టండి.

జవాబు: నోట్లోంచి దారం వేలాడుతుంటే అస్సలు లాగకండి, గాలం పేగుల్లో ఉండొచ్చు. కదలట్లేదని చచ్చిందనుకోవద్దు, వలలో ఊపిరాడక స్పృహ తప్పినవి గంటల తర్వాత కూడా తేరుకుంటాయి. ఇంటికి తీసుకెళ్లి టబ్బులో పెడతానంటారేమో, 1972 వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 (అత్యంత రక్షణ ఉన్న జాబితా) జీవి అది, కేసవుతుంది.

అడిగినవారు: ఫోన్ చేశా, వస్తున్నారు. సెల్ఫీలవాళ్లతోనే టెన్షన్.