మొదటి గుడ్లగూబ కొంటున్నాను, కాస్త చూసి చెప్పండి

కొత్త_బిచ్చగాడు:
ఏథెన్స్ టెట్రాడ్రాక్మ్ (వెనుక గుడ్లగూబ బొమ్మ ఉండే ప్రాచీన గ్రీకు వెండి నాణెం) ఒకటి కంటపడింది. 17.1 గ్రాములు. ముందువైపు ఎథీనా దేవత ముక్కు, పెదవి పూర్తిగా పడ్డాయి, శిరస్త్రాణం పైభాగం మాత్రం బిళ్ళ చాలక అంచు దాటిపోయింది. వెనుక గుడ్లగూబ తలకు అడ్డంగా లోతైన కోత. అసలుదేనా అని ఎలా తేల్చుకోవాలి? నిపుణులు పరీక్షించి ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసినదైతేనే మంచిదా? కోతకు ఎంత తగ్గించమనాలి?

పాతవెండి:
కోత ఉన్నదాన్ని నేను ముట్టను. చవకని ఒకసారి కొన్నాను, అమ్మబోతే అడిగినవాడు లేడు. గుడ్లగూబకు అందమంతా ఆ రెండు కళ్ళే. వాటి మధ్య ఉలి దిగాక ఇక చూడటానికి ఏముంది?

లారియన్:
కోతలోనే ఉందండీ కథంతా. పరదేశంలో ఏ వర్తకుడో లోపల రాగి ఉందేమోనని ఉలి పెట్టి చూశాడు. అనుమానం ఊరికే రాలేదు. క్రీ.పూ. 406 ప్రాంతంలో యుద్ధానికి వెండి చాలక ఏథెన్స్ వాళ్ళే రాగికి వెండిపూత వేసి చెలామణీ చేశారు. మరుసటి ఏడాది ‘కప్పలు’ నాటకంలో అరిస్టోఫేన్స్ ఆ చెత్త డబ్బునే ఎత్తిపొడిచాడు.

పాతవెండి:
మరి క్రీ.పూ. 375 నాటి ఏథెన్స్ చట్టమో? నాణేల పరీక్షకుడు బజారులో కూర్చుని, లోపల రాగో సీసమో తేలితే ఆ నాణేన్ని అక్కడికక్కడే నరికి దేవమాతకు అర్పించాలి. కోత అంటే శిక్ష.

లారియన్:
నరకమన్నది నకిలీని. ఈయన నాణేనికి ఉలి దిగాక కూడా వెండే కనిపించింది. పరీక్ష తప్పినదాన్నీ నెగ్గినదాన్నీ మీరు ఒకే గాటన కడుతున్నారు.

పాతవెండి:
నెగ్గితే నెగ్గింది, గుడ్డిదైంది కదా!

నలభైఏళ్ళ_అనుభవం:
ఈ చర్చంతా దండగ. నా చేతుల మీదుగా మూడు వందల గుడ్లగూబలు వెళ్ళాయి. తూకం, భూతద్దం నాకు అక్కర్లేదు. బొటనవేలితో నిమిరితే చెప్పేస్తాను.

తాబేలు:
అలా నిమిరి చెప్పిన ఒక పెద్దమనిషిని నమ్మే నేను ఏజినా స్టేటర్ (తాబేలు బొమ్మ ఉండే గ్రీకు వెండి నాణెం) కొన్నాను. 12.2 గ్రాముల దగ్గర ఉండాల్సింది 11.3 తూగింది. మట్టి తినేసిందన్నాడు. ఇంటికొచ్చి భూతద్దం పెడితే తాబేలు డిప్ప మీద సూదిమొనంత బుడగలు, అంచు చుట్టూ ఆకురాయితో అరగదీసిన అతుకు. పోత పోసిన బొమ్మ! సుత్తితో అచ్చు కొట్టిన బిళ్ళకు అంచున పగుళ్ళు ఉంటాయి కానీ అతుకు ఎక్కడిది?

నలభైఏళ్ళ_అనుభవం:
ఎవరిని ఉద్దేశించి అంటున్నారు?

తాబేలు:
గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఎందుకండీ?

లారియన్:
అతుకు లేనంత మాత్రాన అసలుదీ కాదు. జర్మనీలో బెకర్ అనే నకిలీ నాణేల తయారీదారు సొంతంగా అచ్చులు చెక్కి, వెండి బిళ్ళల మీద కొట్టేవాడు. పాతవాటిలా కనబడాలని ఇనుప రజనుతో పాటు పెట్టెలో వేసి, బండికి కట్టి ఊరూరా తిప్పేవాడట. బొటనవేళ్ళు అక్కడ పనిచేయవు.

డల్లాస్_డ్రాక్మా:
దయచేసి ఎవరూ నిమ్మరసంలో వేయకండి. నా అలెగ్జాండర్ నాణేన్ని రాత్రంతా నానబెట్టాను. పొద్దున దాని మీద సింహం తోలు కప్పుకున్న హెరాక్లీస్ కొత్త స్టీలు గిన్నెలా తళతళలాడుతున్నాడు. తుడుస్తుంటే చేయి జారి గచ్చు మీద పడి రెండు ముక్కలైంది. ఇన్ని శతాబ్దాలకు వెండి లోపల పెళుసెక్కుతుందని అప్పుడు తెలిసింది.

కొత్త_బిచ్చగాడు:
నేను కడగడం గురించి అడగలేదండీ.

కాసులపేరు:
అంత డబ్బు గ్రీసుకు ఎందుకు పోస్తారు? పశ్చిమ క్షత్రప రాజు నహపానుడి వెండి నాణెం కొనండి. రాజు తల చుట్టూ గ్రీకు అక్షరాలే. అతణ్ణి ఓడించిన గౌతమీపుత్ర శాతకర్ణి వాటినే తెప్పించి పైన తన ముద్ర కొట్టించాడు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో దొరికిన 13 వేల పైచిలుకు నాణేల్లో మూడింట రెండు వంతులు అలాంటివే. నా దగ్గరున్నదానిలో శాతవాహనుల కొండ గుర్తు కింద నహపానుడి ముక్కు ఇంకా పొడుచుకునే ఉంది.

పాతవెండి:
అది కూడా ఒకరి ముఖం పాడుచేయడమే.

కాసులపేరు:
అది గెలుపండీ, పాడుచేయడం కాదు!

కొత్త_బిచ్చగాడు:
మరి నా కోత ధర?

పాతవెండి:
నేను ముట్టనన్నాను కానీ, ఫొటో ఒకటి పెట్టండి. కోత కంటి మీదుగా పోయిందా, పక్కనుంచా?