తుపాకికి కుట్టుమిషను నూనె సరిపోతుందా?

మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. నాన్నగారి పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకి, లైసెన్సు మార్పు పూర్తయ్యాక, ఈమధ్యే నా చేతికి వచ్చింది. ఆయన దానికి ఏళ్ల తరబడి కొబ్బరినూనె రాశారు. తలకు మంచిదైతే ఇనుముకూ మంచిదేనని ఆయన సిద్ధాంతం! కానీ కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది కదా. చలికాలం తెల్లవారుజామున తూటాలు పెట్టడానికి కీలు దగ్గర తుపాకి మడవాలంటే బలం చాలేది కాదు. అక్కడ పసుపుపచ్చని జిగురు గట్టిపడి ఉంటే కిరోసిన్‌తో తుడిచి తీశాను.

అసలైన తుపాకి నూనె కోసం బరంపురం వెళ్లే వరకు ఏం రాయాలి? ఇంట్లో కుట్టుమిషను నూనె ఉంది. పలుచన, జిగురు కట్టదు, కానీ వానాకాలపు తేమకు తుప్పును ఆపగలదా? స్కూటరులో పోసే 20డబ్ల్యూ-40 ఇంజను ఆయిలు కొత్తది రాయమని పక్కింటి మామయ్య సలహా. అది ఎక్కువసేపు నిలుస్తుంది, నిజమే, దుమ్మునూ అంతే ఇష్టంగా పట్టుకుంటుందని నా అనుమానం. డబ్ల్యూడీ-40 అనే స్ప్రే తడిని తరుముతుంది, అయితే మిగిలే పొర మరీ పలుచన.

కాల్చే ముందు గొట్టాల లోపలి నూనె పూర్తిగా తుడవాలని తెలుసు. తోలు సంచిలో దాచితే చెమ్మ పడుతుందనీ తెలుసు. కీలుకు ఒకటి, గొట్టాల పైభాగానికి మరొకటి వాడాలా? భుజానికి ఆనించే చెక్క మడమకు అవిసెనూనె పట్టించవచ్చా? తీరప్రాంతపు తేమలో తుపాకి కాపాడుకున్నవారు దయచేసి చెప్పండి.