పాలు నాకు పడవు: స్పానిష్‌లో కూడా "పడటమే"!

అందరికీ నమస్కారం. "పడదు" అనే మాట గురించి చాన్నాళ్ళుగా ఇక్కడ రాయాలనుకుంటున్నా, ఇవాళ కుదిరింది, కొంచెం పొడుగైనా చదవండి.

స్పానిష్ నేర్చుకోడానికి గ్వాటెమాలాలో ఆంటీగ్వా అనే ఊళ్ళో ఆరు వారాలున్నాను. ఒకప్పుడు రాజధాని అది, 1773 భూకంపాలకి దెబ్బతిన్నాక రాజధానిని వేరేచోటికి మార్చేశారు, ఇప్పుడు ఎటు చూసినా స్పానిష్ బడులే. ఒక టీచరుకి ఒక్కరే స్టూడెంటు, పొద్దున నాలుగు గంటలు క్లాసు, తిండీ పడకా మాత్రం ఊళ్ళో ఎవరో ఒకరింట్లో. మా ఇంటావిడకి అరవై దాటుంటాయి. దోన్యా అని పిలిచేదాన్ని, మన "అమ్మగారు" లాంటి పిలుపే. ఆవిడ నన్ను ఎప్పుడూ "ఉస్తెద్" అనే అనేది, అంటే మీరు. అక్కడ చాలా ఇళ్ళల్లో సొంత పిల్లల్ని కూడా అలా పిలుస్తారు.

మొదటిరోజు పొద్దున మోష్ పెట్టింది. ఓట్స్‌ని పాలల్లో దాల్చినచెక్క వేసి పల్చగా కాస్తారు, పొగలు కక్కుతూ పెద్ద కప్పు నిండా. నాకు చిన్నప్పట్నుంచీ పాలు పడవు. అది చెప్పాలి, వచ్చిన స్పానిష్ ఏమో నాలుగు ముక్కలు, అందుకని "నో మె గుస్తా లా లెచె" అనేశాను. అంటే పాలు నాకు నచ్చవు అని. ఆవిడ మొహం చిన్నబోయింది. కప్పు తీసుకుని మాట్లాడకుండా పెరట్లో పీలా దగ్గరికి వెళ్ళిపోయింది (పీలా అంటే గిన్నెలకీ బట్టలకీ కట్టిన సిమెంటు తొట్టి, అక్కడ చాలా ఇళ్ళల్లో ఉంటుంది). నాకు ప్రాణం చివుక్కుమంది. వెనకే వెళ్ళి పొట్ట మీద చెయ్యి పెట్టి చూపించాను. అప్పుడు ఆవిడ "ఆ! లె కాయె మాల్?" అంది.

లె అంటే మీకు. కాయె అంటే పడుతుంది, కిందపడటం అంటామే అచ్చంగా ఆ పడటమే. మాల్ అంటే చెడ్డగా. మీకు పడదా అని అడుగుతోంది! నేను ఆ తొట్టి దగ్గరే నిలబడిపోయాను. అమ్మ ఊళ్ళో ఎవరింటికెళ్ళినా "దానికి పాలు పడవండీ" అని చెప్పే గొంతు చెవిలో వినిపించింది.

రెండ్రోజుల తర్వాత సాయంత్రం సీరియల్ చూస్తున్నాం, అందులో ఒక అత్తగారు వస్తే చాలు మా దోన్యా "మె కాయె మాల్" అనేది. ఆ మనిషంటే నాకు పడదు అని. పొట్టకీ మనసుకీ మనలాగే వాళ్ళకీ ఒకటే మాట.

నాకు దీంట్లో గొప్పగా అనిపించేది, నచ్చలేదు అంటే వండినవాళ్ళ మీదకి వెళ్తుంది, పడదు అంటే తప్పు ఎవరి మీదకీ పోదు, నా ఒంటి తత్వం అంతే. ఇప్పుడు మా అన్నయ్య పిల్లలు "పాలు నాకు సెట్ అవ్వవు" అంటున్నారు, వింటే బాధేస్తుంది, ఇంత పనికొచ్చే మాటని ఎందుకు వదిలేస్తున్నాం?

ఒక తేడా మాత్రం ఉంది. పాలు పడవు, వంకాయ పడదు అన్నప్పుడు క్రియ ఆ వస్తువుని బట్టి మారుతుంది, స్పానిష్‌లోనూ అంతే. మనిషి దగ్గరికొచ్చేసరికి వాళ్ళు మనిషినే కర్త చేస్తారు, మనం "వాడు నాకు పడడు" అనం, "వాడంటే నాకు పడదు" అనో "వాడికీ నాకూ పడదు" అనో అంటాం. ఇది ఎందుకో తెలిసినవాళ్ళు చెప్పండి.

కామెంట్: మాది హోసూరండి, ఇంట్లో తెలుగు, బయట తమిళం, కన్నడం. తమిళంలో పాలు "ఒత్తుక్కాదు" అంటారు, మనుషుల మధ్యైతే "ఆగాదు". కన్నడంలో రెంటికీ "ఆగల్ల". పక్కనే ఉన్న ఈ రెండిట్లో నేను "పడటం" వినలేదు, ఎక్కడో సముద్రాల అవతల వినపడటం ఆశ్చర్యంగా ఉంది. ఇంకోటి, మా నాయనమ్మ "సరిపడదు" అనేది. మీ స్పానిష్‌లో "బాగా పడటం, చెడ్డగా పడటం" ఉన్నట్టే మనకీ ముందు ఈ "సరి" ఉండి తర్వాత జారిపోయిందేమో, నా ఊహ మాత్రమే.

నా జవాబు: సరిపడదు నాకు తట్టనే లేదండీ, థాంక్స్. మీ కామెంట్ చూశాక ఇంకోటి అడగాలనిపించింది. వచ్చేసే రోజు దోన్యా నా చెయ్యి పట్టుకుని "ఉస్తెద్ మె కాయె ముయ్ బియెన్" అంది. మాటకి మాట పెడితే "మీరు నాకు చాలా బాగా పడతారు", అది తెలుగు కాదు. "నచ్చారు" అంటే పెళ్ళిచూపుల్లా ఉంది. పడదుకి మనుషుల విషయంలో అవునన్న మాట మనకి లేదా?

కామెంట్: "మీకూ నాకూ బాగా కుదిరింది" అనండి. మనుషులకీ అదే, వంటకీ అదే, "పులుసు బాగా కుదిరింది" అంటాం కదా.

నా జవాబు: కుదిరింది! అవునండీ, ఇదే. రెండో వారం నుంచీ ఆవిడ నాకు మోష్ నీళ్ళతో కాచి ఇచ్చేది, అది కూడా బాగానే కుదిరేది. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఆవిడకి ఈ మాట చెప్తాను.