స్లిప్పర్ క్లచ్ రోడ్డు మీద నిజంగా పనికొస్తుందా, ఉత్త షోకేనా?

కొత్తరైడర్: రెండు బైకుల మధ్య ఊగిసలాడుతున్నాను. రెండూ 300 సీసీ పైన ఉన్న సింగిల్ సిలిండర్లే. ఒకదానికి అసిస్ట్ అండ్ స్లిప్పర్ క్లచ్ ఉంది, రెండోదానికి మామూలు క్లచ్. సీటు కుదిరిందీ, చూడగానే నచ్చిందీ ఆ రెండోదే. కానీ ఎవరిని అడిగినా "స్లిప్పర్ లేకుండా ఎలా కొంటావ్" అంటున్నారు. అదేం చేస్తుందో చెప్పమంటే మాత్రం "గేర్లు స్మూత్‌గా పడతాయి" దగ్గర ఆగిపోతున్నారు. నేను ట్రాక్ మొహం చూసే రకం కాదు. రోజూ ఆఫీసు, వారాంతంలో హైవే, ఎప్పుడైనా ఘాట్ రోడ్డు. నాలాంటివాడికి అవసరమా?

పాతబండి: అక్కర్లేదు తమ్ముడూ. ఇరవై ఏళ్లుగా మామూలు క్లచ్‌తోనే తిరుగుతున్నా, ఒక్కసారి కూడా వెనక చక్రం ఎగిరింది లేదు. గేరు తగ్గించేటప్పుడు కాస్త రేజ్ చేసి క్లచ్ వదిలితే సరిపోయేదానికి కంపెనీలు ఓ పేరు పెట్టి అమ్ముతున్నాయి. రేసుల్లో పనికొచ్చే వస్తువు అది, బస్సు వెనకాల నిలబడే మనకెందుకు?

గ్రీజుచేతులు: పాతబండి గారు, సగం ఒప్పుకుంటాను. ముందు అసలు విషయం చెప్పనివ్వండి, అది తెలియకుండానే అందరూ వాదించుకుంటున్నారు.

రెండో గేరు నిష్పత్తి 1.8, మొదటిది 2.7 అనుకుందాం (అది ఎంత ఎక్కువైతే అదే వేగానికి ఇంజిన్ అంత ఎక్కువ తిరగాలి). రెండో గేరులో 5000 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) మీద పోతున్న ఇంజిన్ మొదటి గేరు పడగానే 7500 తిరగాలి. మీరు రేజ్ చేయలేదు, క్లచ్ టక్కున వదిలేశారు. ఆ మిగతా 2500 ఎక్కడినుంచి వస్తుంది? వెనక చక్రమే ఇంజిన్‌ని ఈడ్చుకుపోవాలి. అదే సమయంలో ముందు బ్రేక్ నొక్కి ఉంటారు కాబట్టి బరువంతా ముందుకి వాలి వెనక టైరు తేలికైపోయి ఉంటుంది. దాంతో అది పట్టు వదిలి జారుతుంది, లేదా టకటకా ఎగురుతుంది. సింగిల్స్‌లో, పెద్ద వీ-ట్విన్‌లలో (వీ ఆకారంలో రెండు సిలిండర్లు ఉన్నవి) ఇంజిన్ బ్రేకింగ్, అంటే త్రాటిల్ వదిలినప్పుడు ఇంజినే బండిని ఆపడం, గట్టిగా ఉంటుంది కాబట్టి ఈ బాధా ఎక్కువే.

స్లిప్పర్ ఉన్న క్లచ్ విప్పితే లోపలి భాగం రెండు ముక్కలుగా కనిపిస్తుంది, రెండింటికీ ఏటవాలు పళ్లుంటాయి. చక్రం ఇంజిన్‌ని ఈడ్చబోతే ఒక ముక్క ఆ ఏటవాలు మీద పైకి జారి ప్రెషర్ ప్లేట్‌ని (క్లచ్ ప్లేట్లని నొక్కి పట్టేది) కొంచెం లేపుతుంది. ప్లేట్ల బిగువు తగ్గి అవి కాసేపు జారతాయి, అంతే. మీరు చేతితో హాఫ్ క్లచ్ పట్టుకున్నట్టే, కాకపోతే మీకంటే వేగంగా.

ఇదేం నిన్నటి వస్తువు కాదు. హోండా 1979లో ఎన్ఆర్500 ఫోర్ స్ట్రోక్ రేసు బండికి వాడింది, 1983లో వీఎఫ్750ఎఫ్ అనే రోడ్డు బండికి వన్‌వే క్లచ్ (ఒక వైపు మాత్రమే గట్టిగా పట్టుకునేది) రూపంలో ఇదే పని చేసేది పెట్టింది. టూ స్ట్రోక్ బండ్లకి ఇంజిన్ బ్రేకింగ్ అంతంతమాత్రమే కాబట్టి వాటికి దీని గొడవే లేదు.

వానరైడర్: నాకు దీనితో సొంత లెక్క ఉంది. పోయిన వానాకాలం, అప్పుడే చినుకులు ఆగాయి, రోడ్డు ఇంకా తడిగానే ఉంది. నాలుగో గేరులో పోతుంటే కుక్క అడ్డం వచ్చింది, ముందు బ్రేక్ పట్టుకుని కంగారులో రెండు గేర్లు ఒకేసారి దించి క్లచ్ వదిలేశాను. వెనక చక్రం కీచుమని తెల్ల గీత మీద పక్కకి జరిగింది, సీటు నా కింద నుంచి వెళ్లిపోతున్నట్టు అనిపించింది. కాలు కింద పెట్టి ఎలాగో నిలబెట్టాను. మామూలు క్లచ్ బండి. ఇప్పుడు స్లిప్పర్ ఉన్నది నడుపుతున్నా.

పాతబండి: రెండు గేర్లు ఒకేసారి దించి టక్కున వదిలితే తప్పు బండిదా, చేతిదా?

వానరైడర్: చేతిదే అన్నా, కాదనట్లేదు. కానీ ఆ ఒక్క సెకనులో రేజ్ చేయాలని గుర్తురావడానికి నేనేం రేసర్‌ని కాదు. ఇరవై ఏళ్లుగా మీ చెయ్యి తప్పలేదంటే గొప్పే, నాది తప్పింది.

హైవేపిచ్చి: ఏబీఎస్ ఉంటే చాలదా? వెనక చక్రం లాక్ కానివ్వదుగా.

గ్రీజుచేతులు: చాలదు. ఏబీఎస్ బ్రేక్ ఒత్తిడిని వదిలించగలదు గానీ, చక్రాన్ని ఆపుతున్నది ఇంజిన్ అయితే వదిలించడానికి అక్కడ ఏముంది? కొన్ని పెద్ద బండ్లలో ఇంజిన్ బ్రేకింగ్ మరీ ఎక్కువైతే కంప్యూటరే త్రాటిల్ కాస్త తెరుస్తుంది, చిన్న బండ్లలో అది ఆశించకండి.

డౌటురాజు: స్లిప్పర్ ఉంటే ఇంజిన్ బ్రేకింగే పోతుందట, ఘాట్ దిగేటప్పుడు బండి దొర్లుకుంటూ పోతుందని మా ఫ్రెండ్ అన్నాడు. ఇంకోడేమో, ఎంత కింది గేరు వేసినా ఇంజిన్‌కి ఏమీ కాదన్నాడు.

గ్రీజుచేతులు: ఇద్దరూ తప్పే. రెండో గేరులో నింపాదిగా ఘాట్ దిగితే క్లచ్ పట్టుకునే ఉంటుంది, ఇంజిన్ ఆపుతూనే ఉంటుంది. క్లచ్ జారేది ఆ ఒక్కసారి వచ్చే కుదుపుకే. రెండోదైతే ఇంకా ప్రమాదకరమైన మాట. వంద మీద పోతూ మొదటి గేరు వేసి క్లచ్ వదిలితే, కాసేపు జారినా చివరికి ఇంజిన్ ఆ వేగానికి తిరగాల్సిందే, వాల్వులు వంగితే స్లిప్పర్ వచ్చి అడ్డుపడదు.

ఇక ఇందాక సగం ఒప్పుకుంటానన్నది ఇది. ఈ రోజుల్లో చిన్న బండ్లకి వచ్చేది ఒట్టి స్లిప్పర్ కాదు, అసిస్ట్ అండ్ స్లిప్పర్. 2013 మోడల్ కవాసాకి నింజా 300కి వచ్చిందీ, యమహా ఆర్15 మూడో వెర్షన్‌కీ ఎన్‌ఫీల్డ్ 650లకీ ఉన్నదీ ఇదే రకం. బండిని లాగేటప్పుడు ఇంకో వైపు ఏటవాలు పళ్లు ప్లేట్లని తమంతట తామే బిగిస్తాయి, కాబట్టి మెత్తటి స్ప్రింగులు వేసినా క్లచ్ జారదు. స్ప్రింగు మెత్తనైతే లివర్ తేలిక. "స్లిప్పర్ అదిరిపోయింది బ్రో" అనేవాళ్లలో ఎక్కువమంది మెచ్చుకునేది నిజానికి ఈ అసిస్ట్‌నే. స్లిప్పర్ పని చేసిందో లేదో వాళ్లకి తెలియను కూడా తెలియదు.

పాతబండి: ఆ మాట ముందే చెప్పొచ్చుగా. లివర్ తేలిక అంటే ఒప్పుకుంటా, మోకాళ్లతో పాటు మణికట్టు కూడా వయసు గుర్తుచేస్తోంది. కానీ ఇంకోటి చెప్పండి, బ్యాటరీ డౌన్ అయితే తోసి స్టార్ట్ చేయడం కష్టమట కదా?

వానరైడర్: కష్టమే అన్నా. తోసేటప్పుడు కూడా చక్రమే ఇంజిన్‌ని తిప్పాలి, ఇది జారిపోతుంది. మొదటి గేరులో వేసి తోస్తే ఊరికే జారింది, మూడో గేరులో ఇద్దరం తోస్తే అందుకుంది.

కొత్తరైడర్: అప్‌డేట్. నిన్న రెండింటినీ వెంటవెంటనే నడిపి చూశాను, కావాలనే సాయంత్రం ట్రాఫిక్‌లో. అసిస్ట్ ఉన్నదాని లివర్ రెండు వేళ్లకే వస్తోంది. నాకు నచ్చినదానికి నాలుగు వేళ్లూ కావాలి, పావుగంటకే బొటనవేలి కింద కండ పట్టేసింది. ఖాళీ రోడ్డు మీద మూడు నుంచి రెండుకి రేజ్ చేయకుండా దించి చూశాను. ఒకటి చిన్నగా మూలిగి ఊరుకుంది, ఇంకోటి వెనకనుంచి ఎవరో పట్టి గుంజినట్టు ఆగింది. ఇప్పుడు ఇంకా అయోమయంలో పడ్డాను, ఎందుకంటే సీటు మాత్రం ఆ గుంజేదానిదే బాగుంది. నచ్చిన బండికే విడిగా స్లిప్పర్ కొని వేయించుకోవచ్చా?

గ్రీజుచేతులు: కొన్ని మోడళ్లకి విడిగా దొరుకుతుంది, అన్నింటికీ కాదు. దొరికినా అందులో అసిస్ట్ లేకపోతే మీ బొటనవేలి నొప్పి అలాగే ఉంటుంది, అది ముందు కనుక్కోండి. నన్నడిగితే క్లచ్ మార్చడం కంటే సీటు మార్పించుకోవడం సులువు.

పాతబండి: ఏది కొన్నా సరే, ఖాళీ రోడ్డు మీద ఓ అరగంట రేజ్ చేసి గేరు దించడం ప్రాక్టీస్ చెయ్యి తమ్ముడూ. ఏ రోజు కొంటున్నావో చెప్పు.